ఏడ్చే వనరాణి

“పైసలు పోయినోడు ఏడ్వాలె గానీ, వచ్చినామె ఏడుస్తదేందిరా!” జయప్రకాశ్ మంచం మీద పొర్లి పొర్లి నవ్వాడు. “ఈ ఒక్క డైలాగుతో నీ వీడియో ఎక్కడికో పోయింది భానూ.”

భాను కూడా నవ్వాడు. డైలాగు తనదే మరి. పగలు ఖమ్మంలో ఫైనాన్స్ ఆఫీసు ఉద్యోగం, మిగతా సమయంలో ముఖం చూపించకుండా మొబైల్ ఆటల మీద రివ్యూలు చెప్పడం అతని పని. రూమ్మేట్ జయప్రకాశ్ ఆటలు ఆడడు, భాను రివ్యూలు మాత్రం వదలడు.

ఈసారి దొరికిన ఆట ‘అడవి వీరులు’. ఆట ఉచితం. వీరులు మాత్రం మూసిన పెట్టెల్లో ఉంటారు. ఏ పెట్టెలో ఎవరున్నారో తెరిచేదాకా తెలియదు. కోరుకున్న వీరుడు రాకపోతే డబ్బు కట్టి ఇంకో పెట్టె తెరవాలి. ఉచితమంటే ఊరికే అని కాదన్నమాట. పెద్ద సైట్ల విమర్శకులు బొమ్మలు అద్భుతమని, పెట్టెలు పచ్చి దోపిడీ అని రాశారు. ఆటగాళ్ళు దోపిడీనైనా ఓర్చుకున్నారు గానీ వనరాణిని ఓర్చుకోలేకపోయారు.

వనరాణి అందరికన్నా అరుదైన వీరవనిత. జేబు ఖాళీ అయ్యాక ఎప్పుడో వస్తుంది. వచ్చి గర్జిస్తుందనుకుంటే, చేతులు చాచి, ఎవరికీ అర్థం కాని భాషలో రాగం తీసి ఏడుస్తుంది. “పేరు పెట్టి మరీ ఏడుస్తోంది, ఎవరు పోయారో ఏమో” అని ఒకడు కామెంట్ పెట్టాడు. అలాంటివన్నీ ఏరి, తన వెటకారం పోపు పెట్టి భాను వీడియో చేశాడు. ఆ ఏడుపు తీసెయ్యాల్సిందేనని చివర్లో పిలుపు కూడా ఇచ్చాడు. కంపెనీ దిగొచ్చింది. సోమవారం నుంచి ఏడుపు ఉండదు, గర్జనే ఉంటుందని ప్రకటించింది.

“నిజంగనే అంత దరిద్రంగ ఏడుస్తదా?” అడిగాడు జయప్రకాశ్.

“నేనెక్కడ విన్న? ఆఫీసుల టేబుల్ కింద పెట్టుకోని ఆడేటోనికి సౌండ్ ఎక్కడిది? అందరు అంటుండ్రు కదా.”

అంతలో ఫోన్ మోగింది. సొంతూరు లంబాడీ తండా నుంచి చెల్లెలు సోని.

“అన్నా, ఆ వీడియో నీదే కదా?”

భాను గది బయటికి నడిచాడు. “నీకెవరు చెప్పిండ్రు?”

“ముఖం దాస్తే గొంతు దాగుతదా? ఇంటోళ్ళ గొంతు ఇంటోళ్ళకు తెల్వదా? గా ఏడుపేందో నీకు తెల్వదా అన్నా?”

తెలుసు. కామెంట్లు చదివినప్పుడే తెలుసు. తండాకు అయినవాళ్ళు చాన్నాళ్ళకు వస్తే ఆడవాళ్ళు మెడ చుట్టూ చేతులేసి, పేరు పెట్టి పిలుస్తూ, రాగం తీసి ఏడుస్తారు. అది చావు ఏడుపు కాదు, స్వాగతం. భాను ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి కల్లూరు బస్టాండులో దిగగానే వాళ్ళమ్మ హేమ్లి అతన్ని అలాగే పట్టుకుంది. “ఎవరన్నా పోయిండ్రారా?” అని దోస్తులు అడిగారు. “ఇంకోపారి నేనొస్తే గట్ల ఏడ్వకు, నా ఇజ్జత్ పోతది,” అని ఇంటికెళ్ళాక అమ్మ మీద అరిచాడు. ఆమె మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు.

“ఆ ఆట చేసినోళ్ళు మన తండాకే వచ్చిండ్రన్నా. ఆడోళ్ళందరిని కూసోబెట్టి ఒకరి గొంతు రికార్డు చేసుకపోయిండ్రు.”

“ఎవరిది?”

“వచ్చి అడుగు,” అని ఫోన్ పెట్టేసింది.

అడిగేదేముంది? రూప్లి పెద్దమ్మదే. తండాలో పెళ్ళయినా పండుగయినా రాగం ఎత్తుకునేది ఆమే. ఆదివారం భాను పండ్లు కొనుక్కుని బస్సెక్కాడు. వెనక సీటు కుర్రాళ్ళు అతని డైలాగే చెప్పుకుని విరగబడి నవ్వుతున్నారు. మొన్నయితే కాలర్ ఎగరేసేవాడే. ఇప్పుడు తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. తన వాళ్ళ మర్యాదను, తెలిసి తెలిసి, తన నోటితోనే నవ్వులపాలు చేశాడు. ఏ ముఖం పెట్టుకుని తండాలో అడుగుపెట్టాలో తోచలేదు.

ఇంటి ముందు రూప్లి, హేమ్లి, సోని కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు.

“వచ్చినవా? తిన్నవా?” అంది హేమ్లి, ఎప్పట్లాగే. మళ్ళీ తల వంచుకుని పనిలో పడింది.

భాను పండ్లు రూప్లి పక్కన పెట్టి ఆమె చేతులు పట్టుకున్నాడు. “తప్పయింది పెద్దమ్మా. ఆ ఆటల నీ ఏడుపు తీసెయ్యమన్నది నేనే. అందరిని నవ్వించింది కూడ నేనే.”

“నాదెక్కడిది బిడ్డా?” రూప్లి చేతులు వెనక్కి తీసుకుంది. “ఎదురుంగ మనిషి లేకుంటె ఉత్తగ ఏడుపెట్ల వస్తదని నేనన్న. ‘మీకు కావాల్సినోళ్ళు వచ్చిండ్రనుకోండి’ అన్నరు. నాకు రాలే. దగ్గొచ్చింది.”

“మరి ఎవరికొచ్చింది?”

రూప్లి ఇంకో మిరపకాయ అందుకుంది.

“ఎవరిదైతే ఏంది?” అంది హేమ్లి తొడిమలు దులుపుతూ. “తీసేస్తుండ్రంట కదా. నలుగురు నవ్వేది ఉండొద్దు.” మిరప ఘాటుకు కాబోలు, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సోని తన ఫోన్‌లో ఆట తెరిచి, రికార్డు చేసినవాళ్ళు ఊరికే ఇచ్చిన వనరాణి పెట్టె చూపించి, అన్న చేతిలో పెట్టింది. “ఇయ్యాల ఒక్కరోజే ఉంటది. ఒక్కపారన్న విను.”

భాను మొదటిసారి సౌండ్ పెంచాడు. తెర మీద వనరాణి నవ్వుతూ ఎదురొచ్చి, రెండు చేతులూ చాచింది.

“వచ్చినవా భానూ,” అంటూ తమ తండా భాషలో అమ్మ గొంతు బావురుమంది.