మీ అమ్మ కంగారు పడుతుంది

“చేరాక ఒక్క ఫోను కొట్టడానికి నీకు చేతులు రాలేదా?”

“నేను వెళ్ళింది పక్క వీధికి నాన్నా! చేరడానికి అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో నువ్వు నాలుగుసార్లు చేశావు.”

“నాకేం? మీ అమ్మ కంగారు పడుతుందని చేశాను.”

అరగంట నుంచీ ఇదే వాదన. కూతురు విసుగ్గా వంటింటి వైపు తిరిగింది. అక్కడ అమ్మ తలొంచుకుని బీన్సు ఈనెలు తీస్తోంది.

“కంగారు పడ్డావా అమ్మా?”

“పడ్డాన్లేవే. చేతులు కడుక్కుని రా, తిందువుగాని.”

“చూశావా!” అన్నాడాయన, కేసు గెలిచినవాడిలా.

మూల కుర్చీలోంచి నాయనమ్మ అందుకుంది. “కోడలి కంగారు సంగతేమోగానీ, నీ అరుపులకి నా చెవుడు వదిలిపోయిందిరా నాయనా.”

నిజానికి గొడవ ఫోను గురించి కాదు. అమ్మాయికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. చేరతావో లేదో నెలరోజుల్లోగా చెప్పమన్నారు. ఆ మాట ఎప్పుడెత్తినా తండ్రిది ఒకటే జవాబు. “నాకేం అభ్యంతరం లేదమ్మా. మీ అమ్మే తట్టుకోలేదు.” విని విని చివరికి ఆ పిల్లే ఒక కౌన్సెలర్ నంబరు తెచ్చి చేతిలో పెట్టింది.

“అమ్మ కంగారు తగ్గితే పంపిస్తావుగా?”

“నిక్షేపంగా!”

అలా ఆ వారం నుంచే ప్రతి బుధవారం భార్యను వెంటబెట్టుకుని వెళ్ళసాగాడు. ఆయన లిఫ్టు మెకానిక్. ఏ పనీ సగంలో వదిలే రకం కాదు. బాగుచేసిన లిఫ్టులో తను మూడుసార్లు పైకీ కిందకీ తిరిగితేగానీ జనాన్ని ఎక్కనివ్వడు. ఈ పనీ అంతే శ్రద్ధగా నెత్తినేసుకున్నాడు. కౌన్సెలర్ భార్యని ఏమడిగినా జవాబు ఆయనే అందుకునేవాడు.

“ఆ కంగారు వచ్చినప్పుడు ఎలా ఉంటుందమ్మా?”

“ఆయన బాగా చెబుతారండీ” అనేసి భార్య చేతిసంచీ సర్దుకునేది.

“ఛాతీ మీద ఎవరో మోకాలేసి నొక్కినట్టుంటుందండీ. అరచేతులు చల్లబడిపోతాయి. అవతల ఫోను ఎత్తలేదా, ఇక జరగకూడనివన్నీ వరసపెట్టి కళ్ళముందు తిరుగుతాయి.”

“ఎంత బాగా చెప్పారండీ!”

“పాతికేళ్ళ కాపురం కదండీ” అన్నాడు కాస్త సిగ్గుపడుతూ.

నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకోవడం, ఆరు లెక్కపెడుతూ వదలడం నేర్పింది కౌన్సెలర్. ఇంటి దగ్గర రోజూ చేయించే పూచీ ఆయనది. భార్యకి చూపించాలిగనక ముందు తనే చేసేవాడు.

“నాకు సరిగ్గా పట్టుబడలేదండీ. ఇంకోసారి చూపించండి” అనేది భార్య.

“ఎన్నిసార్లే నీకు!” అంటూనే మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు. పదిరోజులయ్యేసరికి ఇంట్లో అరుపులు తగ్గాయి. నాయనమ్మ మధ్యాహ్నం కునుకు చెడకుండా సాగుతోంది.

నాలుగో బుధవారం కౌన్సెలర్ ఆయన పని గురించి అడిగింది.

“లిఫ్టుకి ప్రమాదంలో పడే బ్రేకు ఒకటి ఉంటుందిటగా? ఎప్పుడు పడుతుందది?”

“లిఫ్టు అదుపు తప్పి కిందికి జారితేనండీ.”

“జారకపోయినా పడిందనుకోండి?”

“జనం మధ్యలో ఇరుక్కుపోతారు. బ్రేకులో దోషం లేదండీ, కాకపోతే మరీ సున్నితంగా బిగించారన్నమాట.”

“ఆందోళన కూడా అంతే. మనల్ని కాపాడటానికి ఉన్నదే. అవసరం లేనప్పుడు కూడా పడిపోతోంది.”

ఆ మాట ఆయనకి భలే నచ్చింది. “విన్నావా?” అన్నాడు భార్యతో.

“విన్నానండీ.”

“కానీ మేడం, బాగున్న బ్రేకు ఊరికే అలా తయారవదండీ. ఎప్పుడో ఒక గట్టి కుదుపు తగిలుండాలి.”

“మరి ఎప్పుడు తగిలింది?”

ఆయన ఉత్సాహంగానే మొదలుపెట్టాడు. అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. బజారంతా కిటకిటలాడుతోంది. చూస్తూండగానే పిల్ల మాయమైపోయింది. ఇరవై నిమిషాలు వెతికితే, చెప్పుల కొట్టులో బల్లమీద కూర్చుని కొత్తజోడు తొడుక్కుని కాళ్ళూపుతోంది!

“అప్పట్నుంచేనండీ, వీళ్ళమ్మకి…”

“ఆ రోజు పాప చెయ్యి ఎవరు పట్టుకున్నారు?” అడిగింది కౌన్సెలర్ మెల్లగా.

ఆయన తన అరచేతి వంక చూసుకున్నాడు.

“నేనేనండీ. తెలిసినాయన కనబడి చెయ్యి చాపాడు. చెయ్యి కలుపుదామని ఒక్క క్షణం వదిలాను.”

భార్య చేతిసంచీ పక్కన పెట్టి ఆయన చెయ్యి అందుకుంది. “ఇన్నేళ్ళలో ఆ మాట నాతో అననేలేదు మీరు” అంది.

తిరిగొచ్చేటప్పుడు ఇల్లు చేరేదాకా భార్య ఆ చెయ్యి వదల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ భోజనాలకి కూర్చున్నారు. అమ్మాయి అన్నం కెలుకుతోందేగానీ ముద్ద నోట్లో పెట్టట్లేదు.

“రేపు వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి నాన్నా.”

“వస్తున్నానని చెప్పు.”

అమ్మాయి చేతిలో ముద్ద కంచంలోకి జారింది. “నిజంగానా? మరి అమ్మ?”

“అవున్రా” అంది నాయనమ్మ చెవి ముందుకు పెట్టి. “మీ ఆవిడకి పూర్తిగా నయమైనట్టేనా? ఇంకా వెళ్ళాలా ఆ బుధవారాలు?”

“వెళ్ళాలమ్మా. ఇంకొన్నాళ్ళు పడుతుంది.”

వడ్డిస్తున్న భార్య చెయ్యి ఆగింది. ఆయన మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు పెంచకుండా అందరికీ వినబడేట్టు చెప్పాడు.

“వచ్చేవారం నుంచి నేనొక్కణ్ణే వెళ్తాను.”