అమ్మకి లీవ్ లెటర్

“జ్వరం ఎవరికే?” అన్నారు నారాయణమూర్తి మేస్టారు, కాయితాన్ని కళ్ళజోడుకి దగ్గరగా పెట్టుకుని.

“ఎవరికీ లేదండి” అంది లక్ష్మీతులసి.

“మరి జ్వరంతో బాధపడుతున్నందువల్ల అని మొదలెట్టేవు?”

“లీవ్ లెటరు అలాగే కదండీ మొదలవుద్ది!”

తొమ్మిదో తరగతి అంతా పగలబడి నవ్వింది. నవ్వదూ మరి! ఓడలరేవు హైస్కూల్లో ఎవర్ని నిద్రలేపి అడిగినా ఇంగ్లీషులో ఆ ఒక్క ఉత్తరం గడగడా అప్పజెప్పేస్తారు. పెళ్ళికెళ్ళినా జ్వరమే, తీర్థానికెళ్ళినా జ్వరమే.

మేస్టారు మాత్రం నవ్వలేదు. ఆ లెటరు హెడ్మాస్టరు గారికి కాదు. మస్కట్‌లో ఉన్న ఒక మేడమ్‌కి.

తులసి తల్లి సత్యవాణి ఆ మేడమ్ ఇంట్లో వంటమనిషి. మొగుడు చేపల వేటకెళ్ళి సముద్రంలో చనిపోయిన ఏడాదే, ఎనిమిదేళ్ళ పిల్లని తన తల్లి వీరమ్మ దగ్గర వదిలిపెట్టి విమానం ఎక్కేసింది. ఆరేళ్ళయింది. ప్రతి శుక్రవారం ఫోను చేస్తుంది. అంతర్వేది తీర్థానికి వచ్చేస్తానంటుంది. తీరా తీర్థం దగ్గరపడ్డాక, “మేడమ్ సెలవివ్వలేదే తల్లీ, నన్నేం చెయ్యమంటావు” అని బావురుమంటుంది. ఇక్కడ పిల్లా ఏడుస్తుంది. ఐదు తీర్థాలు అలాగే వెళ్ళిపోయాయి.

“ఇంగ్లీషులో అడిగితే ఇస్తారు కదండీ?” అంది తులసి.

మేస్టారు కాయితాన్ని ఆమెకి తిరిగిచ్చేశారు. “ఎందుకివ్వరే, ఇస్తారు. కానీ జ్వరం రాయకు, నిజం రాయి. గైడులోది ఒక్క ముక్క వద్దు. ముందు ‘మా అమ్మ’ అని వ్యాసం రాసుకురా. అందులోంచి ఉత్తరం తీద్దాం.”

రాసుకొచ్చింది. మూడే మూడు వాక్యాలు. మేస్టారు తల పట్టుకున్నారు.

“ఇంకాస్త రాయాలే. అమ్మ పొడుగా, పొట్టా?”

“తెలీదండి. ఫోటోలో కూర్చునుందండి.”

“చిన్నప్పుడు చూసేవుగా?”

“అప్పుడు నాకందరూ పొడుగేనండి.”

మేస్టారు సుద్దముక్క తీసుకున్నారు. రోజుకి ఐదు కొత్త మాటలు బోర్డు మీద రాయడం ఆ రోజే మొదలుపెట్టారు. ఐదింటికీ ఇంటి దగ్గర ఐదు సొంత వాక్యాలు రాసుకురావాలి. మిగతా పిల్లలు ఇంటర్వెల్‌లో ఒకళ్ళది చూసి ఒకళ్ళు గీకేసేవాళ్ళు. తులసి మాత్రం వీరమ్మ చేపలు ఎండబెట్టే చోట కూర్చుని, కాకుల్ని తోలుతూ ఒక్కో మాటా నమిలి మింగేది. ఇంటికొచ్చే దారిలో ఆటోల మీద రాతలు కూడా వదిలేది కాదు.

నలభై రోజులకి ఉత్తరం తయారైంది. అందులో జ్వరం లేదు. ‘మేడమ్ గారూ, మా అమ్మ మీకు వండి పెట్టేవన్నీ బావుండే ఉంటాయి. నేనే వాటి రుచి మర్చిపోయాను. పది రోజులు పంపండి. తిరిగి నేనే విమానం ఎక్కించేస్తాను’ అని ఉంది.

వీరమ్మది బటన్ల ఫోను. అందుకని మేస్టారే తన ఫోనుతో ఉత్తరాన్ని ఫోటో తీసి మేడమ్ నెంబరుకి వాట్సాప్‌లో పంపించారు. ఒకసారి సత్యవాణి ఫోను పాడైతే ఆ నెంబరు నుంచే మాట్లాడింది. తులసి దాన్ని గోడ మీద రాసి దాచుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం, భోజనాల గంట కొట్టాక జవాబొచ్చింది. పెద్దదేం కాదు, నాలుగు లైన్లు. మేస్టారు చదివారు. మళ్ళీ చదివారు. ఫోను అలాగే తెరిచి బల్ల మీద పెట్టి, మూలనున్న కుండ దగ్గరికెళ్ళి మంచినీళ్ళు తాగారు. ఇంకో గ్లాసు తాగారు. తులసి బల్ల పట్టుకుని నిలబడే ఉంది.

“ఏమన్నారంటే...” అంటూ వచ్చి ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నారు. “నీ ఇంగ్లీషు చాలా బావుందన్నారే. వాళ్ళింట్లో పెద్దావిడ మంచం మీదుందట. మీ అమ్మ లేకపోతే చెయ్యి విరిగినట్టేనట. ఈ ఏడు కుదరదుట. వచ్చే ఏడు ఎలాగైనా పంపిస్తారట.”

ఏడుస్తుందేమోనని భయపడుతూ చూశారు. పిల్ల ఏడవలేదు.

“ఆయ్” అంది. “మా అమ్మమ్మకీ అలాగే చెప్తానండి.”

సాయంత్రం మేస్టారు బస్సు కోసం నిలబడితే వీరమ్మ రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చింది. కాగితంలో చుట్టిన ఎండురొయ్యలు ఆయన సంచిలో కుక్కేసింది. “వచ్చే ఏడు మా సత్తివాణి వచ్చేత్తాదంట కదండీ! మీరు సల్లగుండాలండి మేస్టారూ” అని దణ్ణం పెట్టింది. ఆయన ఆ ముసలామె మొహంలోకి చూడలేక, రాని బస్సు వైపు చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు నోటుపుస్తకాలు దిద్దుతుంటే తులసిది వచ్చింది. ముందు రోజు పొద్దున బోర్డు మీద రాసిన మాటలు ఐదు. పడవ మీద వాక్యంలో ఒక తప్పు. వాన మీద వాక్యంలో రెండు. పీత మీద రాసిన వాక్యమైతే చెప్పనే అక్కర్లేదు. నాలుగోది ఫరవాలేదు.

ఐదో మాట ‘నోబడీ’. దాని ఎదురుగా గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో ఒక పెద్ద వాక్యం ఉంది. మేస్టారు ఎర్ర పెన్ను పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరిదాకా వెతికారు. ఒక్క తప్పు లేదు.

“మేడమ్ గారు ప్రతి ఏడూ సెలవిస్తానంటారు, ‘ఇండియాలో నాకెవరూ లేరు’ అని మా అమ్మే వద్దంటుంది.”