రథం బాడీ

కారు వెనక తలుపు పట్టలేదు. శివకృష్ణ రెండుసార్లు ఎత్తిపెట్టి చూశాడు. పైన బిగిస్తే కింద బెత్తెడు బయటికి పొడుచుకొస్తోంది. కింద బిగిస్తే పైన నోరు తెరుస్తోంది.

"రేపటికి అవుద్దా?" అని అడిగింది భార్య ఉషారాణి.

"అవ్వాల."

రేపు శుక్రవారం. అతని తల్లి మల్లేశ్వరమ్మకు మార్కాపురంలో డయాలసిస్. రాచర్ల నుంచి గిద్దలూరుకు ఆటోలో, అక్కడి నుంచి బస్సులో వారానికి మూడుసార్లు పోయిరావడం ఆమె వల్ల కావడం లేదు. బుధవారం తిరిగొచ్చి మంచం మీద వాలినప్పుడు తేల్చి చెప్పేసింది. నీ కారు అయితే ఎక్కుతా, కాకుంటే ఇంట్లోనే ఉంటానంది. డయాలసిస్ మానేసి ఇంట్లో ఉంటే ఎన్నాళ్లు బతుకుతుందో శివకృష్ణకు డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. వారం, మహా అయితే పది రోజులు.

కారు నడుస్తుంది. పాత వ్యాను ఇంజను పెట్టి, చట్రమంతా శివకృష్ణ తన చేత్తోనే వెల్డింగ్ చేశాడు. పైన బాడీయే లేకపోయింది. రేకు బరువని ఫైబర్ కోసం తిరిగితే, గిద్దలూరులో బాత్రూం తలుపులు చేసే గోపి దుకాణంలో ఒక సెట్టు దొరికింది. ఎవరో చేయించుకుని తీసుకుపోలేదట. రథానికి చేసిన బాడీ అని, దళసరిగా వేశానని గోపి చెప్పాడు. రథమన్న మాట వినగానే శివకృష్ణ చెప్పులు విడిచి ఆ ముక్కలను కళ్లకద్దుకున్నాడు. ఏ గుడిదని అడగలేదు. దేవుడే పంపాడనుకుని, బాడీకి సరిపోయేలా చట్రాన్ని మూరన్నర పొడిగించాడు. ఇంటికి తెచ్చాక ఉషారాణి వాటికి పసుపు రాసి బొట్లు పెట్టింది.

దేవుడు పంపినా ముక్కలు మాత్రం తేలిగ్గా పట్టలేదు. పక్క పలకలు ఎండకు వంగి ఉన్నాయి. అంచులు గ్రైండరుతో కోస్తే దుమ్ము చేతులనిండా గుచ్చుకుని మంట. అతికించడానికి కలిపిన రెసిన్ జిగురు ఆ ఎండకు పది నిమిషాల్లో రాయయ్యేది. ఒకచోట రివెట్టు బిగించగానే పలక చిట్లింది. ఎట్లాగో పక్కలు, పైకప్పు అతికించాడు. మిగిలింది వెనక భాగం. అడుగు పలక మీద రెండు పొడుగాటి పట్టాలున్నాయి. వాటి కొసలే తలుపుకు అడ్డం.

అవి కోయొచ్చో లేదో గోపినే అడుగుదామన్నాడు. చేతులకు రెసిన్ ఉంది కాబట్టి ఉషారాణి ఫోన్ కలిపి స్పీకరు పెట్టి పట్టుకుంది. పక్కింటి గంగయ్య సాయంగా తలుపు మోస్తూ నిలబడ్డాడు. మల్లేశ్వరమ్మ అరుగు మీద మంచంలో ఉంది.

"గోపీ, అడుగున పట్టాలుండాయే, అవి అడ్డమొస్తాండాయి. కోసెయ్యొచ్చా?"

"కోస్తే స్ట్రెచర్ ఎట్ల జరుగుద్దన్నా?"

"స్ట్రెచర్ ఏంది? దేవుణ్ణి పెట్టేది పీట మీద గదా?"

అవతల గోపి నడిపే గ్రైండరు ఆగింది.

"నువ్వు ఏ రథమనుకున్నావన్నా? అది వైకుంఠ రథం. శవాల బండి."

ఉషారాణి ఫోన్ కట్ చేసింది. అప్పటికే అందరూ విన్నారు. గంగయ్య తలుపును మెల్లగా నేల మీద పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"పీకెయ్ అబ్బాయ్. మంచి మనుషులు ఎక్కేది కాదు."

"దీంట్లో ఇంతవరకు ఎవర్నీ ఎక్కించలేదు మామా."

"ఎక్కించకపోతే మాత్రం? దేనికి చేసినారో అది దానిదే."

గంగయ్య తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుని, పోయొస్తానని చెప్పకుండానే వెళ్లిపోయాడు. చావింటి నుంచి అలా వెళతారు.

పొద్దున దీపం పెట్టి మొక్కిన చెన్నకేశవుణ్ణి శివకృష్ణ మనసులోనే అడిగాడు. వైకుంఠం నీ ఇల్లే కదా స్వామీ, మరి ఆ పేరున్న బండంటే మాకు ఇంత భయమెందుకు పెట్టావు? ఉలి తీసుకుని పక్క పలకను పెకలించబోయాడు. రెసిన్ పట్టు వదల్లేదు. గట్టిగా తడితే పలక నిలువునా పగిలేలా ఉంది. పగిలితే వేరే ముక్క లేదు. వేరే రోజూ లేదు. ఉలి పక్కన పడేసి అక్కడే చతికిలబడ్డాడు.

"శివా, నన్ను ఆడికి తీసుకపో" అంది మల్లేశ్వరమ్మ.

ఇద్దరూ ఆమెను పట్టుకుని తీసుకొచ్చారు. ఆమె వంగి లోపలికి చూసింది. పట్టాల మధ్య నున్నటి పలకను అరచేత్తో నిమిరింది. పడుకోబెట్టమంది. వద్దత్తా అని ఉషారాణి రెండుసార్లు బతిమాలింది. ఆమె వినలేదు. చివరికి శివకృష్ణే పాత బొంత పరిచి, చంటిపిల్లను దించినట్టు దించాడు.

మల్లేశ్వరమ్మ కాళ్లు బారచాపింది. చేతులు రొమ్ము మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ పడుకున్న తీరు చూసి ఉషారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊపిరి ఆడుతోందో లేదో అని శివకృష్ణ తల్లి ముఖం మీదకు వంగాడు.

"దిగమ్మా. ఎవరి కాళ్లయినా పట్టుకుని ఇంకో బండి ఏదో ఒకటి మాట్లాడుకొస్తా."

ఆమె నడుమును బొంత మీద అటూ ఇటూ సర్దుకుంది. తర్వాత కళ్లు తెరవకుండానే అంది.

"ఇంకోటి దేనికిరా, హాయిగా ఉంటే. తెల్లారి దీంట్లోనే పోదాం, పూలు మాత్రం కట్టబాకు."