తప్పిపోయిన మనిషి

రాజోలు కబడ్డీ ఫైనల్స్‌లో ఆట ఆగినప్పుడల్లా సారా కాంట్రాక్టరుగారి ప్రకటనే చదువుతున్నాడు మైకు సుబ్బారాయుడు. సారా కొట్టు మూయించాలన్న ఎస్తేరు చీటీ మాత్రం తిప్పి ఇచ్చేసేడు.

"ఆటలో గొడవలు చదవకూడదమ్మా. జనం సరదాకొచ్చేరు."

సరదా అట. ఎస్తేరుకి అతని మొహాన ఉమ్మెయ్యాలనిపించింది.

"తప్పిపోయినోళ్ళ గురించైతే చదువుతారాండీ?"

"ఆయ్, అది ధర్మం. ఎవరమ్మా?"

"మా ఆయనండి. నిన్న కాంట్రాక్టరుగారి కొట్టుకెళ్ళేడు. ఇంటికి రాలేదు."

సుబ్బారాయుడు కాస్త తటపటాయించేడు. "పేరు?"

"దైవదీనం. నిరుడు ఇదే కప్పు గెలిచిన కెప్టెన్."

నిరుడు ఇదే మైకులో ఆ పేరు గొంతు చించుకుని పలికింది సుబ్బారాయుడే. ఇప్పుడు మైకుకి చెయ్యి అడ్డం పెట్టేడు.

"ఆ పేరు చదివితే మీ ఆయన తాగుడు సంగతి ఊరందరికీ తెలిసిపోద్దమ్మా."

"అందుకేనండీ, చదవండి."