పన్నెండో మజిలీ

"నలభై ఒకటి," అన్నాడు ఫెర్గస్ చర్చి మెట్లన్నీ లెక్కపెట్టుకుంటూ దిగి. "ఇందులో ముప్ఫై తొమ్మిదని అచ్చేశారు. మా ఆవిడ దిద్దిందే నిజం."

కింది మెట్టు మీద పైపు కాలుస్తూ కూచున్న డూగల్ అతని చేతిలో కరపత్రం చూశాడు. ఆకుపచ్చ అట్ట. ఊరంతా నడిచి చూసుకునేవాళ్ళ కోసం పన్నెండు మజిలీలతో నిరుటి వేసవిలో వేసింది. మిగిలినవన్నీ ఏరి పొయ్యిలో పెట్టింది డూగలే. ఇప్పుడు పంచేవి నీలం అట్టవి.

"ఇదెక్కడిది బాబూ?"

"మోరాగ్ కోటు జేబులో దొరికింది. పోలీసులు ఇచ్చారు."

నిరుడు ఆగస్టులో పన్నెండో మజిలీ దగ్గర, సముద్రంలోని గుడిరాయి దగ్గర మునిగిపోయినావిడ భర్త ఇతనే అన్నమాట. డూగల్ పైపు ఆరిపోయింది, మళ్ళీ వెలిగించలేదు.

"ఆవిడ నడిచినట్టే పదకొండు మజిలీలూ నడిచాను," అన్నాడు ఫెర్గస్. "జైలు గుమ్మం మీది సంవత్సరం తప్పు వేశారట, దిద్దింది. మెట్లు తప్పట, దిద్దింది. పంతులమ్మ కదా, హోటల్లో మెనూ అయినా దిద్దనిదే చెంచా ముట్టేది కాదు. అచ్చు అక్కడక్కడ ఉప్పునీటికి అలుక్కుపోయింది కానీ పెన్సిలు చెక్కు చెదరలేదు చూడండి."

"ఆ రోజు మీరు రాలేదా?"

"నన్ను టీ కొట్టులో కూచోబెట్టింది. నీ మోకాలికి ఆ రాళ్ళు పడవు, నేనొక్కదాన్నే చూసొస్తానంది. నా రొట్టెకి వెన్న కూడా తనే రాసి పెట్టింది. పట్టీ వదులైందని గడియారం నా చేతికిచ్చి వెళ్ళింది."

ఇద్దరూ రేవు వైపు నడిచారు. రేవు ఆఫీసు తలుపు మీద సుద్దపలక వేలాడుతోంది. గుడిరాయి బాటని పోటు ఎన్నింటికి ముంచుతుందో ఏ రోజుకారోజు దాని మీద రాస్తారు.

"ఈ పలక అప్పుడూ ఉందా?"

"ఉంది. చూసేవాడే లేడు. మా ఊరికొచ్చే జనం కాగితంలోంచి తలెత్తితే కదా."

"మోరాగ్ వాళ్ళక్క ఏమంటుందో తెలుసా పెద్దాయనా? అది కావాలనే వెళ్ళింది, నీకు కళ్ళు లేవు అంటుంది. అంతకు ముందు చలికాలమంతా మోరాగ్ పొద్దున్నే లేవాలంటే ఏడ్చేది. వేసవికి కుదుటపడిందనుకున్నాను." ఫెర్గస్ కరపత్రం పైకెత్తి చూపించాడు. "తప్పు కాగితానిదైతే ఏడ్చుకుని ఎలాగో బతికేస్తాను. కాగితం సరిగ్గానే ఉంటే, ముప్ఫై ఏళ్ళు పక్కనే ఉండి నేనేం చూసినట్టు?"

ఆ కరపత్రం రాసింది డూగలే. నలభై ఏళ్ళు రేవు కాపలా కాశాడు. ఆటుపోట్ల పట్టికలో వేళలు ఎప్పుడూ చలికాలపు లెక్కనే ఉండేవి, వేసవిలో గంట కలుపుకోవాలి. నిరుడొచ్చిన కొత్త పట్టికలో ఆ గంట ముందే కలిపేశారు. కరపత్రంలో తేదీలవారీగా వేళలు వేసేటప్పుడు చేతి అలవాటు కొద్దీ తను ఇంకో గంట కలిపాడు. ఆమె పోయిన మర్నాడు పలక చూశాకే తెలిసింది. అచ్చు బాగాలేదని చెప్పి కరపత్రాలు వెనక్కి తెప్పించాడు. కట్టుకున్న జెస్సీకి కూడా చెప్పలేదు. ఏడాదిగా తిండి సయించదు, నిద్ర పట్టదు, గుడిరాయి వైపు తలెత్తి చూడలేదు.

రేవు గోడ మీద పన్నెండో నంబరు ఇత్తడి బిళ్ళ. అవతల గుడిరాయికి పోయే రాళ్ళబాట మీదికి అప్పుడే నీళ్ళు ఎక్కుతున్నాయి.

"చివరి మడత అతుక్కుపోయింది," అన్నాడు ఫెర్గస్. "నాకు చేతులు రావట్లేదు. మీరు విప్పండి."

డూగల్ వలలు బాగుచేసే సన్న చాకు తీశాడు. గాలికి వీపు పెట్టి, మడత లోపలికి మొన దూర్చి మెల్లగా విడదీశాడు. కాగితం తనవైపే తిప్పుకుని చూశాడు.

"ఏముంది?"

"ఆ రోజు తేదీకి ఎదురుగా మూడింటిలోపు వెనక్కి రావచ్చని ఉంది." డూగల్ చాకు మూశాడు. "రెండని ఉండాలి. రాసింది నేనే బాబూ."

ఫెర్గస్ అతని కాలరు పట్టుకున్నాడు. "ఏడాది. ఏడాది నోరు మూసుకు కూచున్నావా ముసలాడా? నేను రోజూ చస్తూ ఉంటే?"

"కూచున్నాను."

ఫెర్గస్ కాలరు వదిలేశాడు. గోడ మీద కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. "అయితే నన్ను వదిలి పోదామనుకోలేదు."

"లేదు. కాగితాన్ని నమ్మింది."

"పోలీసులకి చెప్తాను. ఊరందరికీ చెప్తాను. ఆ కాగితం ఇటివ్వు."

డూగల్ వేళ్ళు సడలాయి. గాలి కరపత్రాన్ని లాక్కుపోయి నీళ్ళలో పడేసింది.

"సాక్ష్యం కూడా లేకుండా చేశావు," అన్నాడు ఫెర్గస్ అసహ్యంగా. "మనిషివేనా నువ్వు?" ఉమ్మేసి, కళ్ళు తుడుచుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

కాగితం మునిగేదాకా డూగల్ అక్కడే నిలబడ్డాడు.

అందులో మోరాగ్ మూడుని కొట్టేసి, పెన్సిలుతో రెండని దిద్దింది.