అమ్మకి తప్పిన చేపలు

వాగు మీదకి వంగిన కొమ్మ మీద తల్లి లకుముకిపిట్ట పిల్లకి వేట నేర్పుతోంది. పిల్ల నాలుగుసార్లు దూకినా ఒక్క చేపా దొరకలేదు.

"నా వల్ల కాదే అమ్మా. నీకైతే ఒక్కటీ తప్పదు," అని రెక్కలో మొహం దాచుకుంది.

తల్లికి పెద్ద కొడుకు గుర్తొచ్చాడు. పోయినేడు పెద్దోడూ ఇదే మాటన్నాడు. "నన్ను చూసి నేర్చుకోరా సన్నాసీ" అని తను దెప్పింది. వాడు వేట మానేసి, కొంగలు తిని వదిలేసిన చేప ముళ్లు ఏరుకుంటూ ఎటో పోయాడు.

"తప్పదని ఎవరన్నారే? పొద్దున్నే ఆరు తప్పాయి. నువ్వు లేవకముందే వెళ్తాగా, దొరికిందే తెచ్చి చూపిస్తా."

"ఉత్తదే!"

"చూడు మరి," అని తల్లి దూకింది. నిజంగానే తప్పింది. మొహం నిండా నాచుతో తేలింది. పిల్ల పడీపడీ నవ్వి, ఐదోసారి దూకింది.

తల్లి పెద్దోడు కూచునే ఖాళీ కొమ్మకేసి చూసింది. వాడి ముందు కూడా ఒక్కసారి గురి తప్పి ఉంటే బావుండేది.