పలకరింపు

పోతురాజు చెప్పేది డాక్టర్ బాలశౌరి సగమే విన్నాడు. మిగతా సగం జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకోవడంతో సరిపోయింది.

పోతురాజు తప్పు పట్టలేదు. చల్లపల్లి అవతల ఏటిగట్టున పుట్టి, ముప్పై అయిదేళ్ళుగా కృష్ణలో వల వేస్తున్నవాడి ఒంటికి చేపల వాసన ఉండక అత్తరు వాసన ఉంటుందా? అతనికి కావలసింది మాత్రలు. ఈ డాక్టర్లు గుండె జబ్బుకి నెలనెలా పంపే మాత్రలు మూడు నెలలుగా రావడం లేదు. రెండుసార్లు వల లాగేసరికి ఊపిరి అందడం లేదు. ఆ రకం మందు చల్లపల్లి షాపుల్లో దొరకదన్నారు.

“ఆళ్ళంతా బెజవాడలో మీటింగు పెట్టుకున్నారంట. ఎల్లి అడుగు. నీదే తప్పయితే ఒప్పేసుకో,” అని భార్య గంగారత్నం పొద్దున్నే బస్సెక్కించింది.

తప్పు తనదేనేమోనని అతనికీ లోపల పీకుతూనే ఉంది. అతను కండువా కొసన చిన్న మూట కట్టుకొచ్చింది అందుకే.

హోటల్ హాలు నిండా కోట్లే. గుండె డాక్టర్లు, కంప్యూటర్ వాళ్ళు, పట్టీలు తయారు చేసే ఇంజనీర్లు, అందరూ మొదటిసారి ఒక్కచోట చేరారు. మణికట్టుకి పట్టీ కడితే చాలు, గుండె సంగతి అది ఎప్పటికప్పుడు కంప్యూటరుకి చేరవేస్తుందట. కంప్యూటరు డాక్టరుకి చెబుతుందట. రెండేళ్ళ కిందట అలా వేలిముద్ర వేసి, పట్టీ కట్టించుకుని, కార్డు పుచ్చుకున్న వాళ్ళలో పోతురాజు ఒకడు. కార్డు మీద ఏం రాసుందో అతనికి తెలీదు. చదువు రాదు.

“మందు రాసేది నేనే గానీ, పంపమని చెప్పేది కంప్యూటరు. ఆరోన్ గారినడుగు,” అన్నాడు బాలశౌరి.

కంప్యూటర్ల పెద్ద ఆరోన్, తమది లెక్కలవరకేనని, పట్టీల ఇంజనీరు దుర్గాప్రసాద్‌ని అడగమన్నాడు. దుర్గాప్రసాద్ ఫోన్లోంచి తలెత్తకుండానే, లిస్టులో ఉంటే మందులు వస్తాయని, ఆ లిస్టు డాక్టరు గారి దగ్గరుంటుందని చెప్పాడు. పోతురాజు మళ్ళీ బాలశౌరి దగ్గరికే వచ్చి పడ్డాడు. ఇంతసేపట్లో అతని పేరేమిటని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

ఇంతలో మైకులో అందర్నీ లేచి నిలబడమన్నారు. నవంబర్లో కన్నుమూసిన పదిహేడో నంబరు పేషెంటు కోసం రెండు నిమిషాల మౌనం. పేరు బయటపెట్టకూడదట, రూలు.

పోతురాజు గోడవారన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవడో పాపం, తనలాగే పట్టీ కట్టించుకున్నవాడు. తమ ఊళ్ళో చావులేం లేవు కనుక ఏ ఉయ్యూరు వైపువాడో అయి ఉంటాడు. పెళ్ళాం ఎలా బతుకుతోందో.

మౌనం ముగిసిందో లేదో, గోల మొదలైంది. ఆ తెల్లవారుజామున చావుని పది నిమిషాల ముందే పసిగట్టింది తన కంప్యూటరేనన్నాడు ఆరోన్. చెయ్యి ఉన్నట్టుండి చల్లబడిందని పట్టీ చెప్పకపోతే కంప్యూటరుకి ఏం తెలుసని దుర్గాప్రసాద్ లేచాడు. అసలు ఆ గుండె ఎవరి పేషెంటుదని బాలశౌరి మైకు లాక్కున్నాడు. ఈ చావు మీద అచ్చు వేయించబోయే వ్యాసంలో ఎవరి పేరు ముందుండాలన్నది తగాదా. చేపల రేవులో కాకులు కూడా ఇంత ఇదిగా కొట్టుకోవు.

ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచి నిలబడింది. “అది సరే, ఆ ఇంటికి మీలో ఎవరెళ్ళారండీ?”

ఆరోన్ మనుషులు వెళ్ళారనుకున్నానన్నాడు బాలశౌరి. దుర్గాప్రసాద్ వాళ్ళనుకున్నానన్నాడు ఆరోన్.

“అది మా డిపార్టుమెంటు కాదండీ,” అన్నాడు దుర్గాప్రసాద్.

తర్వాత అందరూ భోజనాలకి లేచారు.

కుళ్ళిన రొయ్యల గుట్ట పక్కన కూర్చుని చద్దన్నం తిన్న మనిషి పోతురాజు. ఇంత కంపు ఏనాడూ ఎరగడు. మనిషి పోతే గుమ్మం దాకా వెళ్ళి పలకరించాలని తెలియనివాళ్ళు ఇచ్చే మాత్రతో బతక్కపోతే మానె అనిపించింది.

తిన్నగా గుమ్మం దగ్గర కంప్యూటరు ముందు కూర్చున్న హేమ అనే అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. కార్డు బల్ల మీద బోర్లా పడేశాడు. కండువా ముడి విప్పి పట్టీ దాని పక్కన పెట్టాడు.

“నీకు చెప్పి పోతే నా బరువు తీరిపోద్దమ్మా. కార్తీకంలో భవానీ మాల ఏసుకున్నాను. తెల్లారగట్ల చలిలో ఏట్లో మునిగొచ్చి, తోలు పట్టీ కదా, దీక్షలో ఒంటిమీద ఉండకూడదని తీసేశాను. మళ్ళీ కడితే దాని లైటు ఎలగలేదు. ఇంక నాకీ మందులొద్దు.”

“అయ్యో, కూర్చోండి బాబాయ్ గారూ, నేను అడిగి చెబుతాను,” అంది హేమ.

“నా సంగతి వదిలెయ్యమ్మా. ఆ పోయినాయనది ఏ ఊరో చెప్పు చాలు. ఎల్తా ఎల్తా ఆ ఇంటామెని పలకరించి పోతాను. ఒక్కరన్నా ఎళ్ళాలిగా.”

హేమ చుట్టూ చూసింది. రూలు రూలే గానీ, పొద్దుటినుంచి తను వెళ్తానన్న మనిషి ఈయనొక్కడే. కంప్యూటర్లో పదిహేడు కొట్టి, తెర మీద వేలు పెట్టి గొంతు తగ్గించి చదివింది.

“చల్లపల్లి అవతల ఏటిగట్టండీ, ఆయన పేరు పోతురాజు, మీరు పలకరించాల్సిన ఆవిడ గంగారత్నం.”